పాపకూ ముత్తవ్వకూ ఒకటే గది

మా అమ్మమ్మ కిష్టవ్వ చేతి నీళ్లు పోసుకోని పిల్లలు మా ఇంట్లో లేరు. కాళ్లు చాపుకుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి, చివర్లో ముక్కులోకి ఉఫ్‌మని ఊదుతుంది. నన్నూ అలాగే పెంచిందట. ఇప్పుడు నా కూతురి వంతు. నెల నిండిన పిల్ల.

ఆ ఉఫ్ చూసేసరికి మా ఆయన రత్నాకర్ పరుగెత్తుకొచ్చాడు. ఫోన్‌లో వీడియోలు చూసి సగం డాక్టరైపోయిన మనిషి మరి.

"అమ్మమ్మా, నీకు దగ్గున్నది. పాపను ముట్టకు" అన్నాడు.

"గిది పాత దగ్గు కొడుకా. దుమ్ముకు వస్తది."

ఆయన వినలేదు. కిష్టవ్వ పోయి వసారాలో కూర్చుంది. మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. "నీ వైద్యం చాలు గని, దవాఖానల చూపిద్దాం పా" అన్నాను.

డాక్టరమ్మ అమ్మమ్మ ఛాతీ విని, "ఇది ఆయాసం దగ్గు, ఎవ్వరికీ అంటదు" అంది. అంతలో మా ఆయన గట్టిగా తుమ్మాడు.

"మీకెప్పటి సంది?" అని అడిగింది.

"నిన్నటి సంది మేడం. ఊకెనే జలుబు."

"నా భయమంత గా ఊకెనే జలుబుకే. ఇప్పుడు ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ తిరుగుతున్నది. మీ అసొంటోళ్లకు జలుబు, తుములతోనే తగ్గిపోతది. నెలల పిల్లలకు, ముసలోళ్లకు, అందుల ఆయాసమున్నోళ్లకు ఊపిరితిత్తులల్లకు దిగుతది. పాపను ఎంత పైలంగ, జాగ్రత్తగ చూస్కోవాల్నో అవ్వను గూడ గంతే పైలంగ చూస్కోవాలె. దూరముండాల్సింది మీరు. అవ్వా, ముక్కుల ఊదుడు మాత్రం బంద్!"

ఇంటికొచ్చాక పాపకూ, నాకూ, అమ్మమ్మకూ లోపలి గది. ఆయనకు వసారా, మాస్కు, మిరియాల చారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడడమంటే ఇదేనని నవ్వుకున్నాను.

మర్నాడు అమ్మమ్మ పాపకు నీళ్లు పోసింది. అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి వంగి, గుర్తొచ్చి ఆగి, మెత్తటి గుడ్డతో తుడిచింది. కిటికీ అవతల మాస్కు కనబడింది. ఇక దెప్పుతుందనుకున్నాను. కానీ పాపను ఎత్తి చూపించింది.

"చూస్కో కొడుకా. తగ్గినంక నీతోనే పోయిస్త నీళ్లు."

ఆయన మాస్కు సర్దుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు గూడ నా దిక్కు రాకు అమ్మమ్మా. పైలం. నీకేమన్నయితే మేమేం గావాలె?"

కిష్టవ్వ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంది. తర్వాత నావైపు తిరిగి, "అందర్నీ పైలం పైలం అనుకుంట ముసలిదాన్నయిన. నన్ను పైలమన్నోళ్లు ఇయ్యాల్టిదాంక లేరే స్వర్ణా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.