చప్పుడు లేని టైర్లు

ఖరీదైన కారు టైర్లు అరిగిపోయాయి. మార్పించడానికి కోడలు బయలుదేరితే అత్తగారూ వెంట వచ్చింది. ఇంట్లో గలగలా మాట్లాడే మనిషి, రెండు నెలలుగా కారెక్కితే చాలు, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటోంది. చెవికి మిషను ఉంది కాబట్టి వినపడలేదనుకోవడానికీ లేదు. తానేం తప్పు చేసిందో తెలియక కోడలు లోలోపలే కుమిలిపోతోంది.

టైర్ల షాపాయన రెండు రకాలు చూపించాడు. “ఇవి వేగానికి పెట్టింది పేరు. అవేమో మెత్తగా పోతాయి, చప్పుడుండదు. ఏవి వెయ్యమంటారమ్మా?”

కోడలు తేల్చుకునేలోపే అత్తగారు అందుకుంది. “చప్పుడు లేనివే వెయ్యి నాయనా. ఆ హోరంతా మిషన్లో పడి బుర్ర బద్దలైపోతోంది. కారెక్కగానే తీసి పర్సులో పడేసుకుంటున్నా.”

కోడలు నోరు వెళ్లబెట్టింది. “అయితే నా మీద కోపం కాదా, అత్తయ్యా?”

“కోపమెందుకే? అసలు నువ్వు మాట్లాడుతున్నావనే నాకు తెలీదు!”

కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది. నాలుగూ మెత్తనివే వేయించింది. తిరుగు దారిలో కారు నీళ్లమీద పడవలా సాగింది. బ్రేకు గట్టిగా తొక్కావనీ, మలుపులో ఇండికేటర్ వెయ్యలేదనీ అత్తగారు ఇంటిదాకా వంకలు పెడుతూనే ఉంది. ఒక్కదానికీ నొచ్చుకోకుండా, కోడలు నవ్వుతూ ఊ కొట్టింది.