పనికిరానివి అనే ఫోల్డర్

మా బావ చేతిలో బాగుపడ్డ వస్తువు ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. ఇస్త్రీపెట్టె విప్పితే మరలు మిగిలాయి, గోడ గడియారం విప్పితే ముల్లే మాయమైంది. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "మరదలా, కంప్యూటర్ రిపేర్ చేశాను, ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడంటే అర్థమేమిటో నాకు తెలియదా? చెప్పులేసుకుని పరిగెత్తాను.

మామూలప్పుడైతే దారంతా నవ్వుకుంటూ వెళ్ళేదాన్ని. ఈసారి భయం వేసింది. ఆ పాత కంప్యూటర్లో మా అక్క గొంతు ఉంది.

అక్కకి గొంతులో కణితి వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఎలాంటి మాటనుకున్నారు! వెనకగదిలో కూర్చుని, "ఏవండీ, గ్యాస్ కట్టేశారా?" అని కేకేస్తే పక్కింటావిడ కూడా వెళ్ళి తన స్టవ్ చూసుకునేది. బావ మాత్రం కుర్చీలోంచి కదలకుండా "కట్టేశానే!" అనేవాడు. ఏనాడూ కట్టి ఉండేవాడు కాదు. ఇప్పుడు అక్క ఏం కావాలన్నా చెంచాతో గాజు గ్లాసు మీద టింగుమని కొడుతుంది, కాదంటే చిన్న తెల్లబోర్డు మీద రాస్తుంది.

మొన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ బావనీ నన్నూ వరండాలోకి పిలిచింది. "ఆవిడ పాత మాటలు రికార్డ్ చేసినవి ఉంటే తీసుకురండి. ఆవిడ టైపు చేస్తే ఆవిడ గొంతుతోనే పలికే ట్యాబ్ తయారుచేయించొచ్చు. పక్కన హోరు ఉండకూడదు, అంతే" అంది. ఫోన్లన్నీ గాలించాం. దొరికినవన్నీ పుట్టినరోజుల గోలలోవి. అక్క నోరు కదలడం కనిపిస్తుంది కానీ మాట వినపడదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ కంప్యూటర్. చూపులేని పిల్లల లైబ్రరీ కోసం అక్క ఏళ్ళ తరబడి వెనకగదిలో మైకు ముందు కూర్చుని కథలు చదివి రికార్డ్ చేసేది. ఆ లైబ్రరీ మూతపడింది, అక్కడి సీడీలు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది ఇదొక్కటే. అక్కకి ఈ సంగతి చెప్పలేదు. ఆశపెట్టి, తీరా దొరక్కపోతే ఇంకా కుంగిపోతుందని, దొరికాకే చెబుదామనుకున్నాం. బావా నేనూ కలిసి ఆలోచించి చేసిన తెలివితక్కువ పని అదే.

నేను వెళ్ళేసరికి అక్క ముందుగదిలో మందుల మత్తులో పడుకుని ఉంది. వెనకగదిలో బావ నేలమీద బాసింపట్టు వేసుకుని, మొహం వేలాడేసుకుని ఉన్నాడు. తెర మీద 'రిపేర్ పూర్తికాలేదు' అని వస్తోంది. కాసేపటికి దానంతటదే ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మళ్ళీ అదే మాట చెబుతోంది.

"అసలేం చేశావు బావా?"

"నేనేం చేయలేదు. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతోంది. పాత సీడీ ఉంది కదాని పెట్టి రిపేర్ అని నొక్కాను. సగందాకా బుద్ధిగా వెళ్ళింది, ఆ తర్వాత మొండికేసింది."

"ఇదివరకు కనీసం బొమ్మయినా వచ్చేది. ఇప్పుడు అదీ లేదు."

"అందుకేగా నిన్ను పిలిచాను!"

నేను ఫోటో స్టూడియోలో ఫోటోలు దిద్దే పని చేస్తాను. కంప్యూటర్లతో కుస్తీ నాకు కొత్త కాదు. ప్రింటరూ మైకూ ఊడదీశాను. మూత తీసి, లోపల పేరుకున్న దుమ్ము ఊదాను. మెమరీ కార్డులు బయటికి లాగి, వాటి అంచులు రబ్బరుతో రుద్ది మళ్ళీ నొక్కాను. మళ్ళీ రిపేర్ పెట్టాను. మళ్ళీ సగం దాకా వెళ్ళి చతికిలబడింది. డిస్కే పాడైందేమోనని అనుమానం వచ్చింది. పరీక్ష పెట్టి చూస్తే డిస్కు దుక్కలా ఉంది. చివరికి రిపేర్ ఆగినప్పుడల్లా కంప్యూటర్ రాసిపెట్టిన తప్పుల చిట్టా ఓపిగ్గా చదివితే అసలు సంగతి బయటపడింది. డిస్కు కిక్కిరిసిపోయింది. రిపేర్‌కి కావలసిన ఫైళ్ళు పెట్టుకోవడానికి లోపల చోటు లేదట.

"ఇంతేనా!" అన్నాడు బావ, తానే కనిపెట్టినట్టు.

సీడీలోంచి, ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరిచి, లోపల ఏమున్నాయో చూశాం. ఇంగ్లీషు అక్షరాల్లో అక్క పెట్టుకున్న ఫోల్డర్లు రెండు కనిపించాయి. ఒకటి 'కథలు'. ఇంకోటి 'పనికిరానివి'. డిస్కంతా ఆక్రమించి కూర్చున్నది ఆ రెండోదే.

మా స్టూడియోలో ఊడదీసిన డిస్కుల్ని వైరుతో వేరే కంప్యూటర్‌కి తగిలించే డబ్బా ఉంది, దాంట్లో పెడితే చూడొచ్చని నాకు తెలుసు. కానీ ఆదివారం, స్టూడియోకి తాళం. ఒక్క రోజు ఆగే ఓపిక మా ఇంటావంటా లేదు.

"పనికిరానివని ఆవిడే పేరు పెట్టుకుంది కదా. తీసేస్తే చోటొస్తుంది, కథలు దక్కుతాయి" అన్నాడు బావ. "నొక్కనా?"

"నొక్కు బావా, ఇంకా చూస్తావేం!"

నొక్కాడు. చెరిగిపోతున్న ఫైళ్ళ పేర్లు ఒకదాని వెంట ఒకటి పైకి పరిగెత్తుతున్నాయి. మా ఇద్దరి మధ్యలోంచి ఒక చెయ్యి దూసుకొచ్చింది. గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తెర ఆరిపోయింది.

అక్క!

"నీకేమైనా పిచ్చా? ఇలా మధ్యలో పీకేస్తే ఉన్నవి కూడా పోతాయే!" అని అరిచేశాను.

అక్క కూడా అరుస్తోంది. నోరు పెద్దగా తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం లేదు. ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం బుస్సుమంది. ఆపరేషన్ అయ్యాక అక్క అరవడం నేను చూడటం అదే మొదటిసారి. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

బోర్డు లాక్కుని గీసినట్టు రాసింది.

"నా నవ్వులన్నీ అందులోనే ఉన్నాయి."

నేను ఇక దాచలేక డాక్టరమ్మ చెప్పిందంతా గడగడా చెప్పేశాను. నీ కథల కోసమే ఈ పాట్లన్నీ అన్నాను. అక్క నాకేసి, బావకేసి వింతగా చూసింది. బోర్డు తుడిచి, ఈసారి నెమ్మదిగా రాసింది.

"కథల్లో ఏమీ లేదు. ఇచ్చేసినవి ఎప్పటికప్పుడు తుడిచేశాను."

ఒక్క నిమిషం నాకు ఏమీ బుర్రకెక్కలేదు. ఎక్కాక అక్కడే చతికిలపడ్డాను. అక్క పద్ధతి నాకు తెలియనిది కాదు. ఇచ్చేసిన వస్తువు మీద మనకేం హక్కు అంటుంది, ఎవరికైనా చీర ఇచ్చినా అంతే. చదువుతూ తడబడినా, నవ్వొచ్చినా, మధ్యలో ఎవరినైనా తిట్టినా ఆ ముక్క కోసి పక్కన పడేసేది. శుభ్రమైన కథ లైబ్రరీకి వెళ్ళిపోయేది. పక్కన పడేసినవే ఇంట్లో మిగిలాయి. ఒక ఖాళీ ఫోల్డర్ని కాపాడటానికి, లోకంలో మిగిలిన అక్క గొంతంతా మేమే మా చేతులతో చెరిపేస్తున్నాం. అక్క మత్తులోంచి ఇంకాస్త ఆలస్యంగా లేచి ఉంటే?

స్టూడియో ఓనరు ఇంటికి పరిగెత్తి, కాళ్ళావేళ్ళా పడి తాళం చెవి తెచ్చాను. డబ్బా, లాప్‌టాప్ పట్టుకుని తిరిగొచ్చేసరికి బావ టీకి నీళ్ళు పెట్టి వచ్చి, ఊడిన ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఆయనకేసి చూడటం లేదు. పాత కంప్యూటర్లోంచి డిస్కు ఊడదీసి డబ్బాలో బిగించి, లాప్‌టాప్‌కి తగిలించాను.

తెరుచుకుంది. 'కథలు' నిజంగానే ఖాళీ. 'పనికిరానివి'లో మొదటి ఏళ్ళవి పోయాయి. మిగతావి ఉన్నాయి, చాలా ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కాను.

"నక్క మెల్లగా గుహ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసి..."

అక్క గొంతు. గదిలోకి మనిషి నడిచొచ్చినంత స్పష్టంగా. బావ ఒళ్ళోంచి ప్లగ్గు కిందపడింది. అక్క తన మెడ పట్టుకుంది.

"లోపల ఎవరున్నారని... ఏవండీ! గ్యాస్ కట్టేశారా?"

"కట్టేశానే!" అన్నాడు బావ.

రికార్డింగ్‌లోని బావ కాదు. నా పక్కన కూర్చున్న బావ. ఆ మాట ఆయన నోట్లోంచి ఊడిపడ్డాక, లాప్‌టాప్‌లో ఎక్కడో దూరం నుంచి పాత బావ కూడా "కట్టేశానే!" అన్నాడు.



"కట్టి ఉండరు. నాకు తెలుసు" అంది లాప్‌టాప్‌లో అక్క. ఆ వెంటనే పగలబడి నవ్వింది. నా పక్కన అక్క కూడా నవ్వుతోంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు లేదు. చప్పుడంతా లాప్‌టాప్‌లోంచి వస్తోంది. ఎదురుగా ఉన్న నోరూ, లాప్‌టాప్‌లో నవ్వూ ఒక్క క్షణం సరిగ్గా కలిశాయి. నేను చెవులు మూసుకోవాలో కళ్ళు మూసుకోవాలో తెలియక ఏడ్చేశాను.

బావ ఉలిక్కిపడి లేచాడు. వంటింట్లోకి పరిగెత్తాడు.

లోపల ఏదో గిన్నె దబ్బుమని కింద పెట్టిన చప్పుడైంది. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది, బొంగురుపోయి.

"కట్టలేదే!"