లోహిత తొలి ఉత్తర్వు

లోహిత సంఘం అధ్యక్షురాలిగా గెలిచిన వారం తిరక్కుండానే ఉత్తర్వు వేసింది. "ఈ ఉగాదికి ఆడవాళ్ళెవరూ హాలు వంటింట్లో అడుగు పెట్టకూడదు. వంట, వడ్డన, గిన్నెలు తోమడం అన్నీ మగవాళ్ళే చూసుకోవాలి." వాట్సాప్ గ్రూపులో అది చదివి మగవాళ్ళు గగ్గోలు పెట్టారంటే అర్థముంది. వాళ్ళందరికంటే ముందు ఒళ్ళు మండింది నాకు.

మాది ఈ పరాయి దేశంలో కాజిల్‌బార్ అనే ఊరి తెలుగు సంఘం. ఆస్పత్రి డాక్టర్లు, నర్సులు, ముసలివాళ్ళని చూసుకునే కేరర్లు, వాళ్ళ పిల్లలు అంతా కలిస్తే చర్చి పక్కన హాలు నిండుతుంది. అందరి డ్యూటీలూ తలో వేళ కాబట్టి కార్యవర్గం కూడడం గగనం. అందుకని, అత్యవసరమైతే ఎవరినీ అడక్కుండా అధ్యక్షులే నిర్ణయం తీసుకోవచ్చని నిబంధనల్లో ఒక వాక్యం పెట్టారు. ఈ దేశ అధ్యక్షులకు కూడా అంత అధికారం లేదు. ఆ వాక్యం రాసిన మహానుభావుడు మా ఆయనే. డాక్టర్ అనంతరామ్, ఎముకల సర్జన్, సంఘానికి మొదటి అధ్యక్షుడు. హాలు బుకింగు మార్చడానికి తప్ప ఆయన దాన్ని దేనికీ వాడలేదు. లోహిత ఫిజియోథెరపిస్టు, మొన్నమొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. వచ్చీ రాగానే బ్రహ్మాస్త్రం తీసింది.

నాకెందుకు మండిందో చెబుతాను. ఆ వంటింటికి రాణిని నేను. నేనూ నర్సు మార్తా కలిసి ఏటా ఉగాది వంట చేస్తాం. నా పులిహోర తిన్నవాళ్ళు ఇంకొకరి పులిహోర మెచ్చుకున్న దాఖలా లేదు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాటే. అలాంటిది, రైస్ కుక్కర్ మీట ఎటు నొక్కాలో తెలియని మనుషుల చేతుల్లో పెడతారా నా గుండిగలు!

కడుపులో ఇంకో మాట కూడా ఉంది. మా అమ్మాయి ఉజ్వల ప్రతి ఉగాదికీ కూచిపూడి చేస్తుంది. వంటింట్లోంచి వడ్డించే కిటికీ దగ్గర నిలబడితే స్టేజి తెర అంచు కనిపిస్తుంది, అంతే. పాట వినపడుతుంది, గజ్జెలు వినపడతాయి, పిల్ల కనపడదు. ఇంటికెళ్ళాక ఫోనులో వీడియో చూసుకోవడమే. ఈ సెప్టెంబరులో అది చదువుకి కార్క్ నగరం వెళ్ళిపోతుంది. ఇక్కడ ఇదే దాని ఆఖరి డాన్సు. ఈ ఒక్కసారైనా కుర్చీలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూడాలని నాకు గంపెడాశ. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వంట త్వరగా ముగించుకుని వచ్చేద్దాంలే అనుకున్నాను. ప్రతి ఏడూ అలాగే అనుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో చర్చ పెట్టారు. టీ, బిస్కెట్లు బల్ల మీద ఉన్నాయి గానీ ఎవరూ వాటి జోలికి పోలేదు. ముందుగా లేచింది యుగంధర్ గారు. ఎక్స్‌రేలు, స్కాన్లు చూసే డాక్టరు. దేన్నయినా దూరం నుంచే చూడడం ఆయనకు అలవాటు.

"అమ్మాయ్, గెలిచినందుకు సంతోషం. కానీ మొదటి వారంలోనే ఇంత మార్పేంటి? ముందొక సబ్ కమిటీ వేద్దాం. నిదానంగా వచ్చే ఏడు చూద్దాం," అన్నారు.

"సబ్ కమిటీ ఏస్తే ఏమైతదో నాకెరికే అంకుల్. మీరు చాయ్ తాగుకుంట కూసుంటరు, మేము వండుకుంట ఉంటం. గంతే," అంది లోహిత.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ అధికారం అత్యవసరాలకి ఇచ్చాం లోహితా. ఇందులో అంత అత్యవసరం ఏముందమ్మా?"

"రాసింది మీరే గద అంకుల్. ఏది అత్యవసరమో అధ్యక్షులే చెప్పాలని కూడ మీరే రాసిన్రు. నేను చెప్తున్న, ఇది అత్యవసరమే."

ఆయన నోరు మూతపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పని నావల్ల కాలేదు. అయినా ఆ ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చని నేను లేచి నిప్పులు చెరిగాను.

"ఏమ్మా, మా వంటింట్లోంచి మమ్మల్నే గెంటేస్తావా? వండలేక చస్తున్నామని నీతో ఎవరన్నా మొర పెట్టుకున్నారా? మమ్మల్ని ఒక్కమాట అడిగావా?"

మార్తా నా కొంగు పట్టుకు లాగింది. "నేను మొర పెట్టుకున్నానక్కా. నైట్ డ్యూటీ చేసొచ్చి చింతపండు పిసకలేక నా నడుం పడిపోతుంది. నువ్వేమనుకున్నా సరే, నాకు కూర్చోవాలనుంది."

హవ్వ! నా కుడిభుజమే అటు తిరిగింది. దానికేదో అనబోతుండగా లోహిత నా దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది.

"ఆంటీ, ఒక్క ముచ్చట అడుగుత, కోపం చెయ్యకున్రి. ఉజ్వల డాన్స్ మీరెన్నడన్న చూసిన్రా?"

 చూశాననే చెప్పబోయాను. "ఫోన్లో చూశాను," అన్నాను.

"ఫోన్ల గాదు ఆంటీ."

నేను కూర్చుండిపోయాను. మా ఆయన తలదించుకున్నాడు. ఏటా ముందు వరసలో కూర్చుని ఆ వీడియో తీసేది ఆయనే మరి. కాసేపటికి ఆయనే లేచాడు. "సరే. వంట మేమే చేస్తాం. ఒక పద్ధతి ప్రకారం చేస్తాం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పద్ధతి అన్న మాట దగ్గరే నేను అనుమానపడాల్సింది.

మర్నాటికల్లా గ్రూపులో రోటా, అంటే డ్యూటీల పట్టిక, వచ్చింది. రోటా లేనిదే మా డాక్టర్లు తుమ్మను కూడా తుమ్మరు. ఆస్పత్రిలో ఎలా ఉంటుందో అచ్చం అలాగే వేశారు. పొయ్యి దగ్గర ఉండేది జూనియర్ డాక్టరు. అతని పైన పెద్ద డాక్టర్లు 'ఆన్‌కాల్'. అంటే వాళ్ళెక్కడున్నా ఫోనుకి అందుతారు, అవసరమైతే పరిగెత్తుకొస్తారు. అన్నానికి ఆన్‌కాల్ యుగంధర్ గారు, సాంబారుకి మా ఆయన, పులిహోరకి ఇంకొకరు. జూనియర్ మాత్రం అన్నిటికీ ఒక్కడే, హేమచంద్. ఆరునెలల క్రితం గుంటూరు నుంచి వచ్చాడు. ఆ రోటా చూసి మా ఆయన ఎంత బుద్ధిమంతుడో అని నేను మురిసిపోయాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఉగాది నాడు నేనూ మార్తా పట్టుచీరలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాం. చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. లోహిత మైకు పట్టుకుని, "అందరు ఫోన్లు సైలెంట్ల పెట్టున్రి," అంది. మావాళ్ళు క్రమశిక్షణ గల మనుషులు. ఒక్కరు మిగలకుండా పెట్టారు.

ఉజ్వల స్టేజి మీదకి వచ్చింది. అమ్మ బాబోయ్, అది నా పిల్లేనా! ఇంట్లో లేవమంటే లేవని మనిషి, అన్నిటికీ "ఐ యామ్ గ్రాండ్, మామ్", అంటే బాగానే ఉన్నానులే, అనే మనిషి, అక్కడ కళ్ళు ఇంతింత చేసుకుని కృష్ణుడి మీద అలుగుతోంది. మెడ తిప్పితే హాలంతా దానితో పాటు తిరిగింది. ఆ బొటనవేలి మీద అలా నిలబడగలదని నాకు ఏ వీడియోలోనూ తెలియలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో వాసన వచ్చింది. అడుగంటిన వాసన. దాని వెనకే మాడిన పోపు ఘాటు. పక్కకి చూద్దును కదా, మా ఆయన నా పక్కనే కూర్చుని వీడియో తీస్తున్నాడు. వెనక్కి చూస్తే యుగంధర్ గారు పాటకి చేత్తో తాళం వేస్తున్నారు. 

"ఏమండీ, వంటింట్లో ఎవరున్నారు?" అన్నాను గుసగుసగా.

"హేమచంద్ ఉన్నాడు. నేను ఆన్‌కాల్. అవసరమైతే ఫోన్ చేస్తాడులే."

"ఫోన్ సైలెంట్‌లో పెట్టారుగా!"

ఆయన వీడియో ఆపి చూసుకున్నాడు. స్క్రీన్ నిండా మిస్డ్ కాల్సే. పాపం, వంగి వంగి వంటింటి వైపు పరుగెత్తాడు. ఆయన వెనకే యుగంధర్ గారు, ఆయన వెనకే పులిహోర డాక్టరు.

నేనూ లేచాను. లేవాలని లేవలేదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. పిల్లలు ఆకలితో ఉంటారు, ఆ మాడుకి గరిట తగలకుండా పై అన్నం తీసి ఇంకో గిన్నెలో వెయ్యాలి, ఆ సంగతి వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. సగం లేచిన నన్ను స్టేజి మీంచి ఉజ్వల చూసింది. దాని పాదం ఒక్క దెబ్బ తప్పింది.

"మాడితే మాడనీ," అన్నాను పైకే. కూర్చున్నాను. ఉజ్వల తాళం అందుకుంది. ఆ తర్వాత హాలు తగలబడినా నేను కదిలేదాన్ని కాదు. ఆఖరి నమస్కారం దాకా రెప్ప వెయ్యకుండా చూశాను.

వంట గురించి చెప్పుకోకపోతేనే మర్యాద. అన్నం సగం మాడు, సగం పలుకు. సాంబారుని ఎవరూ సాంబారని గుర్తుపట్టలేదు. పొయ్యితో పని లేదు కాబట్టి ఉగాది పచ్చడి ఒక్కటే బతికి బయటపడింది. అది నాలిక్కి రాసుకుని, మూల మీద బంగాళాదుంపలు వేయించి అమ్మే చిప్పర్ దుకాణం నుంచి వేడి వేడి చిప్స్ తెప్పించుకుని పండగ చేసుకున్నాం. పిల్లలు ఇంత మంచి ఉగాది ఎన్నడూ లేదన్నారు.

"అందరికీ ఫోన్ చేశాను మేడమ్. ఆస్పత్రిలో అయితే మొదటి రింగుకే ఎత్తుతారు," అని మసి మొహంతో హేమచంద్ లోహితకి మొర పెట్టుకున్నాడు. లోహిత అక్కడికక్కడే రెండో ఉత్తర్వు వేసింది. వచ్చే ఉగాదికి పెద్ద డాక్టర్లంతా పొయ్యికాడనే నిలబడాలట. ఈసారి చర్చ జరగలేదు. సింకు దగ్గర గుండిగ తోముతున్న మా ఆయన సబ్బు చెయ్యి ఎత్తి ఓటేశాడు.

ఉజ్వల చిప్స్ పొట్లం పట్టుకుని నా పక్కన కూలబడింది. "మధ్యలో తప్పు చేశాను, చూశావా?" అంది ఇంగ్లిషులో.

"చూశానే."

"నువ్వు లేచావు. వెళ్ళిపోతున్నావనుకున్నా." ఒక చిప్ నమిలి మింగింది. "చిన్నప్పటినుంచీ అంతే మామ్. స్టేజి ఎక్కగానే ముందు నువ్వు ఎక్కడున్నావో వెతుక్కుంటాను. ఉండవు. అప్పుడు మొదలుపెడతాను."

ఏడుపు ఆగలేదు. పట్టుచీర అని కూడా చూడకుండా కొంగుతో మొహం తుడుచుకున్నాను. "ఇంకొక్కసారి చెయ్యవే," అన్నాను.

"ఇప్పుడా? మ్యూజిక్ కట్టేశారు. గజ్జెలు కూడా విప్పేశాను," అంది. అంటూనే పొట్లం నా ఒళ్ళో పెట్టి, వేళ్ళకంటిన ఉప్పు దులుపుకుని, లేచి నా ఎదురుగా నిలబడింది.