మూడో రీలు

"మూడో రీలు డబ్బా మాయమైంది, అమ్మాయ్!" ప్రొజెక్టర్ వెనక నుంచి వీర్రాజు గొంతు తగ్గించి హర్షిణితో అన్నాడు. ఆమె గబగబా అతని దగ్గరికి వచ్చింది.

లక్డారం ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. తెర మీద వందేళ్ల నాటి యూరప్ నగరం మాటల్లేకుండానే మెరిసిపోతోంది. ముత్యాల హారాలు, మేడ ముందు బారులు తీరిన మోటారు కార్లు. ఆ సంపదంతా ఎక్కడిదో చెప్పేది మూడో రీలే.

ముందు వరసలో శివకుమార్ కూర్చున్నాడు. హైదరాబాద్ నుంచి ఈ ఫిల్ము తెచ్చిచ్చిన మనిషి. "ఊళ్లో జాగ్రత్త చేయగలరా?" అని ముందే అనుమానపడ్డాడు. రీలు పోయిందంటే హర్షిణి నడిపే సినిమా సంఘానికి ఇక ఎవరూ ఒక్క ఫిల్ము ఇవ్వరు.

"ఇటెవరొచ్చిండ్రు అంకుల్?"

"మీ అమ్మ టీ ఇచ్చి వెళ్లింది. మన వాగు పక్క రసాయనాల కంపెనీ మేనేజరు చంద్రకాంత్ కూడా ఇక్కడే తచ్చాడాడు. సినిమా ఆఖర్లో ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూపిస్తారని మొహం మాడ్చుకున్నాడుగా!"

హర్షిణి తలుపు దగ్గర నిలబడ్డ చంద్రకాంత్‌ను పట్టుకుని డబ్బా గురించి అడిగింది.

"గా డబ్బా నాకెందుకమ్మా? దాని పుల్లటి కంపుకే పరేషానై ఇటొచ్చిన!"

హర్షిణి ఆగిపోయింది. పాతబడ్డ ఫిల్ము అలా వాసనేస్తుందని శివకుమార్ చెప్పింది తనకూ, వీర్రాజుకూ మాత్రమే. లక్డారంలో మిగతావాళ్లకు ఘాటు వాసనంటే ఒక్కటే అర్థం: కంపెనీల నుంచి లారీవాళ్లు దొంగతనంగా తెచ్చి పారబోసే విషపు మందు. దాన్ని జనానికి దూరంగా పెట్టి, పైన పెద్ద గిన్నె, అదే గంజు, బోర్లించి, ఎర్రగుడ్డ కట్టి, కాలుష్యం ఆఫీసువాళ్లకు ఫోన్ చేయడం ఊరి పద్ధతి. ఆ పద్ధతి ఊరికి నేర్పిన మనిషెవరో ఆమెకు తెలుసు.

హాలు వెనక్కి పరుగెత్తింది. అక్కడ ఇసుక మీద బోర్లించిన గంజు. దాని మీద ఎర్రగుడ్డ. పక్కన కాపలాగా ఆమె తల్లి అరుణమ్మ.

"దగ్గరికి రాకు బిడ్డా! ఎవడో మందు డబ్బా తెచ్చి జనం నడుమ పెట్టిండు. ఫోన్ చేసిన, వస్తున్నరు."

"అది సినిమా అమ్మా!"

"సినిమాకు గింత కంపా?"

హర్షిణి డబ్బా తీసుకుని లోపలికి పరుగెత్తింది. మూడో రీలు తిరిగింది. మేడ వెనక పొగగొట్టాలు, నల్లగా పారే వాగు. "అరె, గిది మన వాగే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. శివకుమార్ కూడా లేచి నిలబడ్డాడు.

"వచ్చే నెల ఇంకో సినిమా పంపిస్తాను. ఇంతకీ రీలు మాయమైందని వీర్రాజు చెప్పాడు, ఎత్తుకెళ్లింది ఎవరమ్మా?"

హర్షిణి మైకు అందుకుంది. అమ్మ వైపు చూస్తూ, గర్వంగా, ఊరంతా వినేలా చెప్పింది.

"మా అమ్మ! మందు నుంచి ఊరిని కాపాడే లక్డారం అరుణమ్మ!"