చీనా బొమ్మల కెటిల్

గనుల ఊరు కిరందుల్‌లో ఇనుప రాతి ఎర్రదుమ్ము దేన్నీ వదలదు, అల్మారాలో గుడ్డ చుట్టి దాచిన వెండి కెటిల్‌ని కూడా. కృపారాణి పళ్ళపొడి, పాత బనియను ముక్క పట్టుకుని వంటింట్లో కూర్చుంది. దానిమీద చెక్కిన, జడ వేసుకుని గొడుగు పట్టుకున్న చీనావాడి బట్టల మడతల్లోంచి, అంతస్తుల గోపురం చూరుల్లోంచి ఎర్రదనం వదలగొడుతోంది. సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం. వచ్చినవాళ్ళందరికీ టీ, ఉప్మా, ఆపైన గిన్నెలు, అన్నీ ఆమెవే. ప్రార్థన మాత్రం మొగుడు ఏలియాది.

కెటిల్ ఆమె అమ్మమ్మది, పేరు చిన్నమ్మి. మిషన్ ఆసుపత్రిలో ఊళ్ళకు ఊళ్ళకే పురుళ్ళు పోసిన మనిషి. ఇంగ్లండు వెళ్ళిపోతూ డాక్టరు దొరసాని, నా చేతుల్లో సగం నీవేనంటూ ఇచ్చిందట. దాన్ని చెక్కిన ఇంగ్లండు కంసాలి చైనా మొహం ఎరగడట, విన్నవాటితో అల్లుకున్నాడట. చర్చికీ సంతకీ తప్ప క్వార్టరు దాటని కృపారాణికి ఆ మాటంటే మహా ఇష్టం. చూడని దేశాన్ని మనసులో కట్టుకోవడం ఆమెకూ వచ్చు.

అత్తగారి లెక్కలో అవి విగ్రహాలు. ఆ జడవాడు దేవుడే, ఆ గోపురం గుడే. "ప్రభువుని నమ్ముకున్న ఇంట్లో ఈ బొమ్మలేటే? రేత్రి మొక్కుతున్నావేటి?" అని ఏళ్ళ తరబడి సణిగింది. ఆయా పనికిచ్చిన బక్షీసుకి ఇంత గీరా అని ఏలియా నవ్వేవాడు. చివరికి తల్లీకొడుకులు తేల్చేశారు: దాన్ని కరిగించి చర్చికి ప్రభురాత్రి భోజనపు ద్రాక్షరసం గిన్నె చేయించాలని, దానిమీద ఏలియా పేరు వేయించాలని. కృపారాణిని అడగలేదు. తోమి పెట్టమన్నారు, అంతే.

చివరి పాట అయ్యాక ఏలియా లేచి, మా ఇంటి వెండి ప్రభువుకి కానుక అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడు కృపారాణి ఆ కెటిల్‌నిండా పొగలు కక్కే టీతో వంటింటి గడప దాటి వచ్చింది.

"ఇది ఇంటి వెండి కాదండి. మాయమ్మమ్మ చిన్నమ్మి కష్టం. ఇస్తే నేనివ్వాల. నేనివ్వను."

అమ్మమ్మ పేరు నలుగురిలో పలికినందుకు ఆమె ఒళ్ళంతా గర్వంతో నిండిపోయింది. ఏలియా పాస్టరుగారి వైపు చూశాడు, పాస్టరుగారు నేల వైపు చూశారు. ఆ బొమ్మల టీ తన నోట పెట్టనంది అత్తగారు.

కృపారాణి కుర్చీ లాక్కుని అందరి మధ్యా కూర్చుంది. మొదటి కప్పు తనకే పోసుకుంది.

"పొయ్యి మీద స్టీలు గిన్నెలో ఇంకా ఉంది అత్తయ్యా. లేచెళ్ళి పోసుకోండి."