మూడో అంతస్తులో శవం

వృద్ధుల కోసం కట్టబోయే అపార్ట్‌మెంట్‌కి ఇంకా పునాది తియ్యలేదు గానీ, దాని మూడో అంతస్తులో ఒక పెద్దాయన అప్పుడే చనిపోయాడు. ఖాళీ స్థలం మీద, గాలిలో, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలి బొటనవేళ్లు ఎవరో కలిపి కట్టారు కూడా.

వీధిలో శవం ఉంటే, అది లేచేదాకా ఎవరూ పొయ్యి వెలిగించకూడదు. మాణిక్యాంబకి వచ్చిన చిక్కల్లా ఇదే. ఆ స్థలం పక్కిల్లు ఆమెది, వరండాలో కర్రీ పాయింట్ నడుపుతుంది. పొయ్యి వెలిగితేనే బతుకు. అందుకే ముసలాళ్ల అపార్ట్‌మెంట్ వద్దని కాలనీలో అందరికంటే గట్టిగా అరిచింది. "రోజుకో శవం ఉంటే నేను కూరలెప్పుడు వండను?" అంది. పాపం, చావు కనీసం గృహప్రవేశం దాకా ఆగుతుందనుకుంది.

తరిగిన వంకాయలు నల్లబడుతున్నాయి. ఆమె కాలనీ ప్రెసిడెంట్ కోటిలింగం దగ్గరికి పరిగెడుతుంది.

"ఆయన్ని దించెయ్యండి."

"ఎట్టా దించేదమ్మా? మెట్లు కట్టనివ్వంది మనమేగా."

"నిచ్చెన వేస్తే?"

"ఆ గచ్చు పెద్దోళ్లకే ఆనుద్ది. మనం కాలు పెడితే గాల్లో పెట్టినట్టే."

మాణిక్యాంబ ఇంట్లో పెద్దావిడ ఉంది, అత్తగారు నాంచారమ్మ. బోర్డు మీద పేరు కోడలిదే అయినా, గుత్తివంకాయలోకి కారం నూరేది ఆవిడే.

"అత్తయ్యా, పైకెళ్లి ఆయన్ని కాస్త దించండి."

"మోకాళ్లు లెయ్యట్లేదే అమ్మాయ్."

"పొయ్యి వెలగాలిగా."

"వెలగాలి" అని ఒప్పుకుంటుంది నాంచారమ్మ. ఆవిడకీ ఆకలిగానే ఉంది.

డాబా మీంచి నిచ్చెన వేస్తారు. నాంచారమ్మ గాలిలో అడుగుపెట్టి, గచ్చు చల్లగా ఉందని చెబుతుంది. బట్టలారేసే తాడుతో పెద్దాయన్ని నెమ్మదిగా కిందకి దించుతుంది. కాలనీ మగవాళ్లు మోసుకుపోతారు. వీధంతా ఆవాలు చిటపటలాడతాయి.

మాణిక్యాంబ ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు, దాచుకునే రకం. నిచ్చెన లాగేసుకుంటుంది.

"నేను దిగొద్దటే?"

"మళ్లీ ఎవరన్నా పోతే దించటానికి పైన మనిషుండాలి కదత్తయ్యా."

ఈ మాట కాలనీలో అందరికీ సబబుగా తోస్తుంది. నిచ్చెన అరువడిగి, తమ ముసలాళ్లని దిండ్లతో, మందుల సంచులతో ఎక్కిస్తారు. సిగ్గుమాలిన పనే. కానీ సిగ్గుపడే తీరిక ఎవరికుంది, అందరూ వంటల్లో ఉన్నారు.

మర్నాడు నాంచారమ్మ పైనుంచి వంగి అడుగుతుంది. "మాణిక్యం, ఒక్క ముద్ద అందించవే."

"కొనుక్కునేవాళ్లకే చాలట్లేదు" అంటుంది కోడలు, తల ఎత్తకుండా.

నాంచారమ్మ వెనక్కి తిరిగి, కోటిలింగం తండ్రితో చెబుతుంది. "మనమెవరమూ ఇవాళ ఎంగిలి పడకూడదు. కింద శవముంది."

"ఎవరు పోయారమ్మా?"

"నా కోడలు."

అని నిజంగానే ఏడుస్తుంది. ఎంత పనిమంతురాలో, ఎంత ఆశగా కాపరానికొచ్చిందో చెప్పి చెప్పి ఏడుస్తుంది. అది దొంగేడుపు కాదు, అదే భయంకరం.

"నేను బతికే ఉన్నానత్తయ్యా!" అని మాణిక్యాంబ కేక పెడుతుంది.

"చూశారా, ఎంత బాగా మాట్లాడేదో" అంటుంది నాంచారమ్మ, ముక్కు చీదుతూ.

కోటిలింగం తన ఇంట్లో స్టవ్ ఆర్పించేస్తాడు. "పెద్దోళ్లు చెప్పాక తప్పుద్దా?" వీధిలో స్టవ్‌లన్నీ ఆరిపోతాయి, మాణిక్యాంబది తప్ప. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. శవాన్ని త్వరగా లేపాలి.

శవం పొయ్యి దగ్గర్నుంచి కదలదు గనక వంటింటినే లేపుతారు. గోడలతో, గిన్నెలతో సహా పాడె మీదకెక్కించి, నలుగురూ భుజం పడతారు. మాణిక్యాంబ తిట్టిపోస్తూనే గరిట తిప్పుతుంది. తిప్పకపోతే కూర అడుగంటుతుంది మరి. చల్లిన పేలాలు మూకుడులో పడుతుంటే కలిపేస్తుంది. వీధి మలుపు తిరగ్గానే వెనక ఇళ్లలో తాళింపులు మొదలవుతాయి.

శ్మశానంలో వంటింటిని దించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. కూర ఉడికింది. కొనేవాళ్లు లేరు. మాణిక్యాంబ గరిటెడు కూర కిటికీలోంచి చాపి, "కా... కా..." అని పిలుస్తుంది. చెట్ల నిండా కాకులున్నాయి. ఒక్కటొక్కటిగా వచ్చి, కిటికీ ముందు వరసగా వాలి, ఆమెకేసి చూస్తాయి. ఏదీ ముట్టదు.