బకెట్ కింది దిమ్మ

ల్యాబులో ఆమెకు బూడిదమ్మ అని పేరు. ముఖం మీద ఎవరూ అనరనుకోండి, వెనకాల మాత్రం అందరూ అదే అంటారు. చిటికెడు సిమెంటు కూడా లేకుండా, బాయిలర్లలో మిగిలిన బూడిదతో, సున్నంతో కాంక్రీటు చేస్తానని ఏడేళ్లుగా పట్టిన పట్టు విడవలేదు మరి. పెళ్లీ పెటాకులూ లేవు. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఎదురుగా ఉండేవి తొట్టిలో నానుతున్న కాంక్రీటు దిమ్మలే.

ఆ దిమ్మలు పోసే పని బాబాయిది. చుట్టరికం ఏమీ లేదు, వయసును బట్టి వచ్చిన పిలుపు. పోసిన ఇరవై ఎనిమిదో రోజున దిమ్మని యంత్రంలో పెట్టి నలగ్గొట్టి, అది ఎంత ఒత్తిడికి ఓర్చిందో ముల్లు మీద చూసి, "ముప్పై రెండమ్మా!" అని కేకేసేవాడు. ముప్పై దాటితే ఇల్లు కట్టుకోవచ్చు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆమెతో ఎవరైనా సంతోషంగా అన్న మాట అదొక్కటే అయిన రోజులు బోలెడు.

పోయినేడాది బాబాయి రిటైరయ్యాడు. ఆమే స్వయంగా కలిపి పోసింది. పన్నెండొచ్చింది. మళ్లీ పోసింది. పదకొండు. సోమవారం పని తనిఖీకి కమిటీ వస్తోంది. ఈ అంకెలు చూశారంటే బూడిద పని అటకెక్కినట్టే. బాబాయి చేతిలో కిటుకేమిటో అడుగుదామని సెలవురోజు పొద్దున్నే ఆయనింటికి వెళ్లింది.

ఆయన కుర్చీ వేశాడు.

"కిటుకేం లేదమ్మా. రెండు దోసిళ్ల సిమెంటు వేసేవాణ్ణి."

ఆమె లేచి నిలబడింది.

"మొట్టమొదటిసారి నలగ్గొట్టినప్పుడు మీరు ఊళ్లో లేరు. తొమ్మిది దగ్గరే పిండైపోయాయి. మర్నాడు మీరు పరిగెత్తుకొచ్చి 'ఎంతొచ్చింది బాబాయ్?' అన్నారు. మీ మొహం చూశాక చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై అనేశా. ఇక ఆ మాట నిలబెట్టడానికి సిమెంటు వేస్తూనే ఉన్నా."

"జాలిపడ్డారా నా మీద? ఏడేళ్లు! నా గొంతు పిసికేసినా ఇంతకంటే నయం కదా!"

ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లింది. కుళాయి కారుతోంది. కింద బకెట్, బకెట్ కింద ఓ దిమ్మ. దాని పక్క మీద మేకుతో గీసిన తేదీ ఉంది. గీత తనదే.

"అది మొదటి విడతలో మిగిలింది," అన్నాడాయన గుమ్మంలోంచి. "అందులో సిమెంటు లేదు. పారెయ్యబుద్ధి కాలేదు."

ఏడేళ్లు నీళ్లలో తడుస్తున్నా దిమ్మ అంచు ఒక్కటీ రాలలేదు. ఆమె బకెట్ని పక్కకి జరిపి, దిమ్మని చంకనెత్తుకుని, వస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

ల్యాబులో నరపురుగు లేదు. దిమ్మని తుడిచి యంత్రంలో పెట్టి మీట నొక్కింది. ఇన్నేళ్ల అలవాటు, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. ముల్లు తొమ్మిది దాటింది. ఇరవై దాటింది. ముప్పై దాటింది. నలభై ఒకటి దగ్గర దిమ్మ ఫెళ్లుమంది.

బూడిద గట్టిపడుతుంది. కాకపోతే దానికి రోజులు చాలవు, ఏళ్లు కావాలి. ఆమె చెప్పిందే నిజం. "నలభై ఒకటి!" అని కేకేసింది. ఖాళీ గదిలో పలికేవాళ్లెవరు? అప్పుడు చూసుకుంది చేతిలోని ముక్కలని. తొట్టిలో ఉన్నవేవీ ఏడాదికి మించి పాతవి కావు. సిమెంటు లేకుండా ఏడేళ్లు నానిన దిమ్మ లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని ఒక్క సాక్షి కూడా లేకుండా తన చేత్తోనే పొడి చేసుకుంది.

ఈ సంగతి చెప్పుకోవడానికి ఆమెకు లోకంలో ఒక్క మనిషే ఉన్నాడు. ఫోన్ చేసింది.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు బాబాయి, హలో అనైనా అనకుండా.

"నలభై ఒకటి బాబాయ్."



"నిజంగా వచ్చిందా తల్లీ," అని మెల్లగా అడిగాడు, "నా మీద జాలిపడి అంటున్నారా?"